జ్వరం కాదు, ఒళ్ళు వెచ్చబడింది

6, మంగళవారం

ఇవాళ మూడో తరగతికి తీసివేతలు చెప్పాను. తరగతికి కాదు, ఫోనుకి చెప్పాను. ఫోను నిండా గళ్ళు, సగం గళ్ళు నల్లగా ఉన్నాయి. ఒకదాంట్లో ఇంటి కప్పు కనిపిస్తోంది, ఇంకోదాంట్లో ఎవరిదో మోకాలు. అర్థమైందా అని అడిగితే మోకాలు కదిలింది. గోడకి చెప్పుకున్నా ఇంతకంటే మర్యాదగా వింటుంది.

నా పిల్ల సంగతి సరేసరి. గది మూల గోడకి ఆనుకుని కూర్చుని కుడి కనుబొమ్మ పీక్కుంటోంది. వెంట్రుక వెంట్రుకా లాగి, చూసుకుని, ఊదేస్తోంది. ఇప్పటికి సగం కనుబొమ్మ లేదు. నొప్పెట్టదుటే అంటే భుజాలెగరేసింది. దీనికి పిట్ట అని పేరు పెట్టింది మా అన్నయ్య. నోట్లో నువ్వుగింజ నానేది కాదు అప్పట్లో. ఇప్పుడు ఆకలేస్తే కంచం చూపిస్తోంది.

ఇంట్లో కూర్చోబెట్టి పిల్లల్ని కాపాడుతున్నాం అనేవాళ్ళు ఒక్కసారి వచ్చి ఈ కనుబొమ్మ చూడాలి. బడి తెరవాలి. ఇంకో మాట లేదు.

7, బుధవారం

అన్నయ్య ఫోను చేశాడు.

"శనివారం మీటింగులో మాట్లాడతావట కదా."

"మాట్లాడతాను."

"తెరవమనేనా?"

"మరేమంటాననుకున్నావు?"

"మీ వదిన సంగతి తెలిసి కూడా."

నాకు చెబుతాడు. వదినకి కిడ్నీ మార్చిన రోజు ఆసుపత్రి వరండాలో తన పక్కన కూర్చున్నది నేను కాదా? ఆ కిడ్నీని ఒళ్ళు తోసెయ్యకుండా జీవితాంతం మాత్రలు మింగాలి, ఆ మాత్రలు మింగితే చిన్న జలుబుని తట్టుకునే శక్తి కూడా ఉండదు అని డాక్టరు చెప్పినప్పుడు విన్నది నేను కాదా? అన్నీ తెలుసు. తెలిసీ నాకో పిల్ల ఉందే, అదేం చెయ్యను?

ఇవేవీ అనలేదు. "ఉంటాను" అని పెట్టేశాను. ఒకే బడిలో పనిచేసే అన్నాచెల్లెళ్ళకి దేవుడు పోట్లాడుకోవడానికి వేరే చోటు ఇవ్వడు.

10, శనివారం

బడి హాల్లో కుర్చీలు దూరందూరంగా వేశారు, కిటికీలన్నీ తీసిపెట్టారు. టీచర్లం, పిల్లల తల్లిదండ్రులు కొందరు. ముక్కూ మూతీ మూసుకుని కూర్చుంటే ఎవరు ఎవర్ని తిట్టుకుంటున్నారో తెలియదు, అదొక సుఖం.

డ్రిల్లు మాస్టారు ముందు లేచారు. పిల్లలకి ఎండ తగలాలి, చెమట పట్టాలి, పరిగెత్తిస్తే ఏ రోగమూ దగ్గరికి రాదు అన్నారు. ఆయన పరిగెత్తి ఎన్నాళ్ళయిందో ఆయన పొట్టనడగాలి. ఇలాంటివాళ్ళు మన పక్కన ఉంటే మన వాదన కూడా వాళ్ళ వాదనలాగే వినిపిస్తుంది.

తర్వాత నేను. నా తరగతిలో సగంమంది నల్లగడి అయిపోయారన్నాను. వాళ్ళు తింటున్నారో లేదో, తింటే అన్నమే తింటున్నారో దెబ్బలు తింటున్నారో నాకు తెలియదన్నాను. బడికొస్తే మొహం చూసి చెప్పేస్తానన్నాను. పిట్ట కనుబొమ్మ సంగతి మాత్రం ఎత్తలేదు. పదిమందిలో పిల్లని అల్లరిపాలు చెయ్యడం ఎందుకు?

అప్పుడు అన్నయ్య లేచాడు. నన్ను టీచర్ గారు అన్నాడు, మీరు అన్నాడు. నాకు బుద్ధి తెలిశాక మా అన్నయ్య నన్ను మీరు అనడం ఇదే మొదలు.

"టీచర్ గారు చెప్పినవన్నీ నిజమే. కాదనను. జ్వరం ఉన్న పిల్లని పంపొద్దని మనం రూలు పెడతాం. ఎవరూ పంపరు కూడా. ఎందుకంటే మనలో ఎవరికీ జ్వరం రాదు. ఒళ్ళు వెచ్చబడుతుంది. నలతగా ఉంటుంది. ఒళ్ళు అదోలా ఉంటుంది. జ్వరం అనే మాట డాక్టరు నోట్లోంచి రావాలే తప్ప మన నోట్లోంచి రాదు. మీరు ఆ ఒక్క మాటని నమ్ముకుని బడి తెరుస్తామంటున్నారు."

హాల్లో అందరూ నవ్వారు. అన్నయ్య నవ్వలేదు.

"నుదుటి మీద చెయ్యేస్తే ఏ తల్లికైనా తెలుస్తుంది మాస్టారూ" అన్నాను.

"తెలియదని నేననలేదు. తెలిసినా అనరు అంటున్నాను."

హెడ్మాస్టరు గారు చేతులెత్తమన్నారు. అందరికంటే ముందు నా చెయ్యే లేచింది. తెరుస్తున్నాం. ఇంటి నుంచి పాఠాలు చెప్పే వీలివ్వండని అన్నయ్య అడిగాడు. "ఒకరికిస్తే అందరూ అడుగుతారు మాస్టారూ" అన్నారు ఆయన. అన్నయ్య మెడ కొంచెం వంచి సరే అన్నాడు. నేను కిటికీ వైపు చూశాను.

11, ఆదివారం

వదిన ఫోను చేసింది.

"ఏం టీచరమ్మా, మీ అన్నయ్యని పదిమందిలో ఓడించావట."

"ఓడించడం ఏముంది వదినా."

"ఓడించు, మంచిదే. నా ఒక్కదాని కోసం ఇంతమంది పిల్లలకి తలుపులెయ్యమంటుంటే నాకే సిగ్గుగా ఉంది. నా ఒంట్లో ఉన్నది అద్దెకొచ్చిన కిడ్నీ. ఎప్పుడు ఖాళీ చేస్తానంటుందో దానికే తెలీదు. దానికోసం పిట్ట నోరు కట్టేస్తారా?"

తను నవ్వింది, నేనూ నవ్వాను. ఫోను పెట్టేసి బాత్రూములోకెళ్ళి ఏడ్చాను. వదిన గయ్యాళిదైతే నాకు ఎంత హాయిగా ఉండేది.

19, సోమవారం

తెరిచారు. గేటు దగ్గర నిలబడి వచ్చే ప్రతి పిల్లకీ జ్వరముందేమో కనుక్కునే పని నాకిచ్చారు. "తెరవమన్న నోరు మీదే, అడిగే నోరూ మీదే ఉండాలి" అన్నారు హెడ్మాస్టరు గారు. బాగానే ఉంది.

అన్నయ్య పాఠం చెప్పడం, పాత లాబ్ గదిలోకెళ్ళి ఒక్కడే కూర్చోవడం. మాస్కు దించాల్సొస్తుందని మంచినీళ్ళు కూడా తాగడు. ఇంట్లో తను ముందు గదిలో, వదిన వెనక గదిలో. ఒకే ఇంట్లో ఉండి ఫోనులో మాట్లాడుకుంటున్నారట. నడవాలో ఎదురుపడితే నాకు తలూపాడు. పిట్టకి దూరం నుంచి చెయ్యూపాడు.

ఇంటికొస్తూ పిట్ట దారంతా మాట్లాడింది. పక్క పిల్లకి పన్ను ఊడిందట. ఆ పన్నుని జేబులో వేసుకుని తిరుగుతోందట. ఎవరికీ చూపించదట, దీనికి మాత్రం చూపించిందట. మా ఆయన పంపుహౌసు డ్యూటీ నుంచి వచ్చేసరికి కూడా పన్ను పురాణం అవలేదు. ఆయన చెప్పులు విప్పడం మర్చిపోయి అలాగే నిలబడి విన్నారు.

22, గురువారం

కనుబొమ్మ జోలికి పోవడం లేదు. సన్నగా మొలుస్తోంది. నేను చెప్పానా లేదా?

27, మంగళవారం

నుదుటికి గురిపెట్టే యంత్రం ఒకటి కొన్నారు. ఎండలో నడిచొచ్చిన పిల్లలందర్నీ అది రోగులనే అంది. దాన్ని మూలన పడేశారు. మళ్ళీ నా నోరే గతి.

ఒకావిడ పిల్లని తెచ్చింది. పిల్ల కళ్ళు చూస్తేనే తెలుస్తోంది.

"పాపకి జ్వరమేమైనా ఉందా అమ్మా?"

"అబ్బే లేదు టీచర్. పొద్దుట కాస్త ఒళ్ళు వెచ్చబడింది, అంతే."

"వెచ్చబడితే జ్వరమే కదమ్మా."

"జ్వరమైతే నేనెందుకు పంపుతాను?"

వెనక్కి పంపేశాను. దీన్నెక్కడ పెట్టి పనికి పోనూ అని ఆవిడ గేటు పట్టుకుని నిలబడింది. పిల్ల నా వంక చూడకుండా బ్యాగు పట్టీ నములుతోంది. నాకూ జాలి లేకపోలేదు. జాలి పడే చోటు కాదది. అయినా తల్లులు ఇలా ఎలా ఉంటారో నాకర్థం కాదు. కళ్ళెదుట కనిపిస్తుంటే మాట మార్చేస్తే జబ్బు మారుతుందా?

అన్నయ్య అటుగా పోతూ ఆగాడు. "బాగా చేశావు" అన్నాడు. చేశారు అనలేదు, చేశావు అన్నాడు. ఆ ఒక్క మాటకి రోజంతా ఒళ్ళు తేలిగ్గా ఉంది.

29, గురువారం

లేచేసరికి పిట్ట ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. మందపాటి దుప్పటి కప్పాను, దాని వల్ల. పిల్లలు నిద్ర లేచేటప్పుడు అలాగే ఉంటారు. మొహం కడిగాక తగ్గింది. తగ్గినట్టే ఉంది.

ఇవాళ తరగతి ముందు నిలబడి కథ చెప్పే వంతు దీనిది. ఆదివారం నుంచి అద్దం ముందు అదే పని. తనంతట తనే లేచి రిబ్బన్లు తెచ్చుకుని నా ఒళ్ళో పెట్టింది. ఇప్పుడు వద్దంటే రూలు ప్రకారం రెండు వారాలు కదలడానికి లేదు. మళ్ళీ ఆ గది మూల, మళ్ళీ ఆ పీక్కోవడం. పైగా తెరవమని గొంతు చించుకున్నదాని పిల్లకే అంటే బడి అంతా నవ్వుతుంది.

అర మాత్ర వేశాను, జాగ్రత్తకి. ఎవరైనా అడిగితే బాగున్నానని చెప్పమన్నాను.

"గేటు దగ్గర అడిగేది నువ్వే కదమ్మా" అంది. తెలివి మీరిపోయింది.

నిజానికి బాగానే ఉంది.

అదే రోజు, సాయంత్రం

కథ బాగా చెప్పిందట, టీచరు చప్పట్లు కొట్టించిందట. ఆ తర్వాత మాస్కు తాడు తెగి ఏడుస్తూ నడవాలో నిలబడితే మామయ్య చూసి ముడేశాడట. ఎంతసేపూ వేస్తూనే ఉన్నాడట. "మామయ్యకి ముడెయ్యడం రాదమ్మా" అంది.

ఒళ్ళు మామూలుగానే ఉంది. కొంచెం నీరసం. అంతసేపు నిలబడి కథ చెబితే నీరసం రాదా?

30, శుక్రవారం

పిట్టని పంపలేదు. కడుపునొప్పి అని చెప్పాను. జలుబు కూడా ఉంది కొంచెం.

31, శనివారం

బాగుంది. తింది.

3, మంగళవారం

అన్నయ్య రాలేదు. హెడ్మాస్టరు గారు గేటు దాకా వచ్చి, "మాస్టారికి ఒళ్ళు వెచ్చబడిందట" అన్నారు. ఆయనా ఆ మాటే అన్నారు. పరీక్ష చేశారట. అదేనట.

ఎక్కడ అంటిందో. అన్నయ్య కూరలు తనే వెళ్ళి తెస్తాడు. మందుల షాపు ముందు జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతుంటారు, అక్కడికీ తనే వెళ్తాడు. తొమ్మిదో తరగతి పిల్లలు మాస్కులు గడ్డం కింద పెట్టుకుని తిరుగుతారు. డ్రిల్లు మాస్టారు దగ్గుతూనే ఉంటారు. ఇంతమంది ఉండగా ఫలానా అని ఎలా అనగలం? పిట్టకి అప్పటికే తగ్గిపోయింది. అసలు ఏమొచ్చిందని తగ్గడానికి?

5, గురువారం

వదినకి కూడా.

7, శనివారం

వదినని ఆసుపత్రిలో చేర్చారు. ఎవర్నీ రానివ్వడం లేదు. అన్నయ్య ఇంట్లోనే ఉన్నాడు, గుమ్మం దాటకూడదు. అంబులెన్సు ఎక్కేటప్పుడు కిటికీలోంచి చూశాడట.

సాయంత్రం వదినే ఫోను చేసింది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతోంది.

"పిట్ట మాట్లాడుతోందా?"

"మాట్లాడుతోంది వదినా."

"ఏమంటుంది?"

"తన పన్నూ కదులుతోందట. అది ఊడితే అత్తయ్యకే ముందు చూపిస్తుందట."

"అయితే సరే" అంది. మళ్ళీ కాసేపు ఊపిరి. "నువ్వేం పెట్టుకోకు మనసులో. బడి తెరవడం తప్పు కాదు."

ఏం పెట్టుకోకూడదట మనసులో? ఎందుకలా అంది? ఊరికే అని ఉంటుంది. మనుషులు ఆసుపత్రిలో ఉన్నప్పుడు అలాంటివి అంటారు.

10, మంగళవారం

ఇవాళ గేటు దగ్గర ఎవర్నీ ఏమీ అడగలేకపోయాను. అందరూ లోపలికి వెళ్ళిపోయారు. ఎవరూ ఏమనలేదు.

14, శనివారం

వదిన పోయింది.

15, ఆదివారం

మొహం కూడా చూడనివ్వలేదు. అన్నయ్యకి నయమైంది, నయమైనట్టు కాగితం కూడా ఇచ్చారట. ఏం చేసుకుంటాడు దాన్ని?

మా ఆయన అన్నారు, ఇది గాల్లో ఉండే జబ్బు, ఎక్కడైనా అంటొచ్చు, నేను పంపుహౌసు నుంచి తెచ్చి మీ అందరికీ అంటించానేమో, ఎవరికి తెలుసు అని. ఆయన మంచితనంతో అన్నారు. నేను ఆ మాట పట్టుకుని పొద్దుటి నుంచి వేలాడుతున్నాను. ఎక్కడైనా అంటొచ్చు. ఎక్కడైనా.

25, బుధవారం

ఇన్నాళ్ళకి అన్నయ్య ఫోను చేశాడు. నా గొంతు వినగానే తనే నన్ను ఓదార్చడం మొదలెట్టాడు. ఎక్కడైనా ఉందా ఈ విడ్డూరం?

"గేటు దగ్గర నిలబడ్డానే, ఎవర్నో వదిలేసి ఉంటాననుకుని కుమిలిపోతున్నావట. మీ ఆయన చెప్పాడు. పిచ్చిదానా, తల్లి నోరు విప్పి చెప్పకపోతే నీకెలా తెలుస్తుంది?"

నేను ఫోను చెవికి అంటించుకుని ఉండిపోయాను. ఊపిరి మాత్రం తీసుకున్నాను.

"ఇల్లు బోసిగా ఉంది. బడయ్యాక పిట్టని ఇటు పంపు. కాసేపు దాని కబుర్లు వింటాను."

పంపుతానన్నాను. పెట్టేశాక చూస్తే పిట్ట వెనకాలే ఉంది.

"మామయ్యకి చెప్పనా అమ్మా?"

"ఏం చెప్తావే?"

"కథ చెప్పిన రోజు నాకు ఒళ్ళు..."

"నీకేం కాలేదా రోజు. ఏమీ కాలేదు. తెలిసిందా?"

పిల్ల బెదిరిపోయి తలూపింది. మాట్లాడాలనే కదా బడి తెరిపించాను. మాట్లాడుతోందని గర్వపడ్డాను. ఇప్పుడు నేనే దాని నోరు నొక్కేశాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది. అయినా రేపు పంపను. జలుబని చెబుతాను.

26, గురువారం

జలుబని చెప్పాను.

28, శనివారం

అన్నయ్య మళ్ళీ ఫోను చేసి, "పిట్టకి తగ్గిందా?" అని అడిగాడు. ఆ గొంతు విని ఇంక ఉండలేకపోయాను. దాన్ని తీసుకుని నేనే వెళ్ళాను.

ముందు గదిలో అన్నయ్య మంచం ఇంకా అలాగే ఉంది. వెనక గది తలుపు తీసి ఉంది. పిట్టని లోపల కూర్చోమని, ఇద్దరం గుమ్మం మెట్ల మీద కూర్చున్నాం. ఎలా మొదలెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చాను, అవన్నీ ఎగిరిపోయాయి.

"అన్నయ్యా, నువ్వు మాస్కు తాడు కట్టావే, ఆ రోజు పిట్టకి జ్వరం. ఒళ్ళు వెచ్చబడటం కాదు, జ్వరం. నాకు తెలుసు. మాత్ర వేసి తెలిసే పంపాను."

అన్నయ్య కొడతాడేమో, పొమ్మంటాడేమో అనుకున్నాను. నిజంగా కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నాకూ తెలుసే" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"తాడు కడుతుంటే దాని చెవులు తగిలాయి. కాలిపోతున్నాయి. వెంటనే ఆఫీసుకి తీసుకెళ్ళి చెప్పాలి. ఎండలోంచి వచ్చింది కదా, వెచ్చగా ఉంటుందిలే అనుకున్నాను. హాల్లో అంత ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి, వెచ్చగా అనే అనుకున్నాను." మోకాళ్ళ మీద అరచేతులు రుద్దుకున్నాడు. "ఎన్నాళ్ళయిందో ఒక పిల్ల వచ్చి నన్నానుకుని నిలబడి. మామయ్యా, మామయ్యా అని తరగతిలో చెప్పిన కథంతా మళ్ళీ చెబుతోంది. పొమ్మనలేకపోయాను. ముడి ఎప్పుడో పడింది. విప్పి మళ్ళీ కట్టాను. ఇంకోసారి విప్పి కట్టాను. ఇంటికెళ్ళి మీ వదినతో కూడా చెప్పాను, పిట్టకి మాటలొచ్చాయే అని. వెనక గది గుమ్మం దాకా వెళ్ళి చెప్పాను, ఫోనులో కాదు. అంత సంతోషమేసింది."

నేను అన్నయ్య చెయ్యి పట్టుకున్నాను. వెనక్కి తీసుకోలేదు, పట్టుకోనూ లేదు. ఇద్దరిలో ఎవరు ఎవర్ని క్షమించాలో నాకు తెలియలేదు. క్షమించాల్సిన మనిషి వెనక గదిలో లేదు.

అక్కడ ఉండగానే హెడ్మాస్టరు గారు ఫోను చేశారు. సోమవారం మళ్ళీ మీటింగట. కేసులు పెరుగుతున్నాయి, బడి మూయాలా ఉంచాలా అని తేల్చాలట.

"అన్నాచెల్లెళ్ళు చెరో పక్కా మాట్లాడతారు కదా టీచర్ గారూ. ముందు మీరా, మాస్టారా?"

"ఈసారి ఇద్దరం ఒక పక్కేనండీ" అన్నాను.

"ఏ పక్క?" అన్నారు.

అన్నయ్య వంక చూశాను. అన్నయ్య నా వంకే చూస్తున్నాడు. ఆయన హలో, హలో అంటూనే ఉన్నారు.